రచ్చ గెలిచి ఇంటికొచ్చిన ఆట: 1907 ‘ఆల్ గోల్డ్స్’ పర్యటన

ఇంట గెలిచి రచ్చ గెలవమని మన సామెత. 1907లో న్యూజిలాండ్ నుంచి ఇంగ్లండ్‌కు ఓడెక్కిన ఒక రగ్బీ జట్టుకు ఆ అవకాశమే లేదు. వాళ్లు ఆడబోతున్న ఆట వాళ్ల దేశంలో లేదు. దానికో సంఘం లేదు, పోటీలు లేవు, పేరుకు ఒక్క క్లబ్బయినా లేదు. ఆ నియమాలతో అంతకుముందు ఆడినవాడు జట్టులో ఒక్కడూ లేడు. అయినా వెండి ఫెర్న్ ఆకు గుర్తున్న నల్ల జెర్సీలు తొడుక్కుని, దేశం పేరు పెట్టుకుని వెళ్లారు. బ్రిటన్‌లో 35 మ్యాచ్‌లు ఆడారు, టెస్టు సిరీస్ గెలిచారు. రగ్బీ లీగ్‌లో మొదటి విదేశీ పర్యటన అదే. చరిత్రలో దానికి మిగిలిన పేరు ‘ఆల్ గోల్డ్స్’.

సాధారణంగా ఒక ఆట ముందు ఊళ్లో వేళ్లూనుకుంటుంది. తర్వాత క్లబ్బులు, వాటి మీద సంఘం వస్తాయి. చివర్లో దేశపు జట్టు తయారై విదేశాలకు వెళ్తుంది. ఇక్కడ వరస మొత్తం తిరగబడింది. ముందు పర్యటన వచ్చింది, ఆ పర్యటనే జట్టును, తర్వాత ఆటను, చివరికి సంఘాన్ని పుట్టించింది. ఇది ఎలా సాధ్యమైందో తెలియాలంటే స్కోర్ల కంటే ముందు డబ్బు లెక్క చూడాలి.

అంతకన్నా ముందు చిన్న వివరణ. 2025లో మొదలైన భారత రగ్బీ ప్రీమియర్ లీగ్‌లో హైదరాబాద్ హీరోస్ అనే జట్టు ఉంది. పేరులో ‘లీగ్’ ఉన్నా అక్కడ ఆడేది ఏడుగురితో ఆడే సెవెన్స్, అంటే పదిహేను మందితో ఆడే పాత రగ్బీ అయిన రగ్బీ యూనియన్‌లో ఒక పొట్టి రూపం. రగ్బీ లీగ్ వేరే ఆట. జట్టుకు పదమూడు మంది. బంతి పట్టుకున్నవాణ్ని ఎదుటివాళ్లు పడగొడితే, యూనియన్‌లో లాగా దాని కోసం అందరూ మీద పడి పెనుగులాడరు. పడ్డవాడు లేచి నిలబడి, బంతిని నేల మీద పెట్టి, అరికాలితో వెనక్కి దొర్లిస్తాడు. వెనకున్నవాడు అందుకుంటాడు, ఆట సాగుతుంది. చూసేవాళ్లకు బంతి ఎప్పుడూ కనబడుతూ ఉండాలన్నది ఈ మార్పుల వెనకున్న ఆలోచన. ఎందుకంటే ఈ ఆట బతికింది టికెట్టు కొని వచ్చేవాళ్ల మీద.

లీగ్ పుట్టడానికి కారణం ఆరు షిల్లింగులు. ఉత్తర ఇంగ్లండ్‌లో రగ్బీ ఆడేది ఎక్కువగా బొగ్గు గనుల్లో, నూలు మిల్లుల్లో, రేవుల్లో పనిచేసేవాళ్లు. అక్కడ శనివారం పొద్దుట కూడా పని ఉంటుంది. శనివారం మ్యాచ్‌కు పొరుగూరు వెళ్లాలంటే ఆ పూట కూలి పోతుంది. పోయిన కూలి వరకైనా ఇద్దామని యార్క్‌షైర్ క్లబ్బులు 1893లో రగ్బీ యూనియన్ (ఇంగ్లండ్‌లో ఆటను నడిపే సంఘం పేరు కూడా ఇదే) సర్వసభ్య సమావేశంలో అడిగాయి. ఆ ప్రతిపాదన 282–136 ఓట్లతో వీగిపోయింది. ఆటకు డబ్బు ముట్టుకుంటే ఆట మైలపడుతుందన్నది దక్షిణాది పెద్దమనుషుల వాదం. పూట కూలి మీద ఇల్లు నడవనివాళ్లకు ఆ వాదం చేయడం సులువు. 1895 ఆగస్టు 29న హడర్స్‌ఫీల్డ్‌లోని జార్జ్ హోటల్లో ఉత్తరాది క్లబ్బులు సమావేశమై విడిపోయాయి. ‘నార్తర్న్ యూనియన్’ ఏర్పడింది, అది ఆడించిన ఆటే తర్వాత రగ్బీ లీగ్ అయింది. పని పోగొట్టుకున్న రోజుకు ఆరు షిల్లింగులు ఇవ్వొచ్చని ఒప్పుకున్నారు. 1906 నాటికి పదిహేను మందిని పదమూడుకు తగ్గించి, పడ్డవాడు లేచి బంతి దొర్లించే పద్ధతి తెచ్చారు. ఆట వేగం పెరిగింది. అయితే అదంతా యార్క్‌షైర్, లాంకషైర్, ఆ చుట్టుపక్కల ప్రాంతం దాటలేదు. 1907 వరకు ఇది ఇంగ్లండ్‌లో ఒక మూలన ఆడే ఆట మాత్రమే.

ఆ మూల నుంచి దాన్ని బయటికి లాగింది వెల్లింగ్టన్‌లో ఒక తపాలా గుమాస్తా.

ఆల్బర్ట్ హెన్రీ బాస్కర్‌విల్‌కు అప్పటికి ఇరవై నాలుగేళ్లు. క్లబ్బు స్థాయిలో రగ్బీ బాగా ఆడేవాడు, ఆట మీద ఒక పుస్తకం కూడా రాశాడు. దేశపు జట్టులో మాత్రం ఎప్పుడూ లేడు. అతను గమనించింది 1905–06లో బ్రిటన్ వెళ్లొచ్చిన ఆల్ బ్లాక్స్, అంటే న్యూజిలాండ్ రగ్బీ యూనియన్ జట్టు, పర్యటన. ఆ జట్టు బ్రిటన్‌ను ఊపేసింది. మైదానాలు నిండిపోయాయి. న్యూజిలాండ్ రగ్బీ యూనియన్‌కు వేల పౌండ్ల లాభం వచ్చింది. నెలల తరబడి ఇల్లూ పనీ వదులుకుని ఆడిన ఆటగాళ్లకు ముట్టింది రోజుకు మూడు షిల్లింగుల చేతి ఖర్చు. అది కూడా నార్తర్న్ యూనియన్ ఇచ్చే నష్టపరిహారంలో సరిగ్గా సగం.

ఆ జట్టులో జార్జ్ స్మిత్ ఉన్నాడు, హర్డిల్స్ పరుగులో పేరున్నవాడు. ఉత్తర ఇంగ్లండ్‌లో ఇంకో రకం రగ్బీ నడుస్తోందని, అక్కడ ఆటగాడికి డబ్బు ఇస్తారని అతనికి బాగా తెలుసు. బాస్కర్‌విల్ ఆలోచనకు స్మిత్ అనుభవం తోడైంది. గుమాస్తా కలం పట్టుకుని నార్తర్న్ యూనియన్‌కు ఉత్తరం రాశాడు: న్యూజిలాండ్ నుంచి జట్టు తెస్తాం, గేటు వసూళ్లలో వాటా ఎంతిస్తారు?

ఈ పర్యటన అసలు విశేషం ఇక్కడే ఉంది. బాస్కర్‌విల్ పెట్టుబడిదారును వెతకలేదు. ఆటగాళ్లే పెట్టుబడి పెట్టారు. ఒక్కొక్కరు యాభై పౌండ్లు వేసుకుని, వచ్చిన లాభం పంచుకోవాలన్నది ఏర్పాటు. పౌండుకు ఇరవై షిల్లింగులు, రోజుకు మూడు షిల్లింగుల లెక్కన యాభై పౌండ్లంటే మూడు వందల ముప్పై రోజులకు పైగా చేతి ఖర్చు. అంత సొమ్ము ముందుగా పోసి, చూడని ఆట ఆడటానికి ప్రపంచం ఆ కొసకు వెళ్లడం చిన్న తెగువ కాదు. నష్టమొస్తే అది తలా ఇంత పంచుకునేదే. జట్టు, యజమాని, కూలి, అన్నీ తామే. నేటి క్రీడల్లో ఆటగాళ్ల వేతనాలు కోట్లకు చేరాయి గానీ, జట్టు మొత్తం ఆటగాళ్ల సొంతమైన ఇలాంటి ఏర్పాటు మళ్లీ అరుదుగానే కనబడుతుంది. చరిత్ర పుస్తకాలు దీన్ని ‘మొదటి ప్రొఫెషనల్ జట్టు’ అని ఒక్క మాటలో దాటేస్తాయి. ప్రొఫెషనల్ అంటే జీతానికి ఆడేవాడు. వీళ్లు జీతగాళ్లు కారు, వాటాదారులు.

న్యూజిలాండ్ రగ్బీ యూనియన్ ఊరుకోలేదు. ఈ జట్టుతో సంబంధం లేదని సంతకం చేయమని ఆటగాళ్లను అడిగింది. వెళ్లినవాళ్లను జీవితాంతం నిషేధించింది. పర్యటనకు వెళ్లడమంటే, తిరిగొచ్చాక సొంత ఊళ్లో మళ్లీ మైదానం ఎక్కలేకపోవడమే. అయినా 1905 నాటి ఆల్ బ్లాక్స్‌లో నలుగురు, స్మిత్, బిల్ మాక్రెల్, డంకన్ మెక్‌గ్రెగర్, మాసా జాన్‌స్టన్, ఈ జట్టుతో కదిలారు. మెక్‌గ్రెగర్ చిన్న పేరు కాదు, 1905లో ఇంగ్లండ్ మీద ఒకే మ్యాచ్‌లో నాలుగు ట్రైలు (ఎదుటివాళ్ల గోల్ గీత దాటి బంతిని నేలకు ఆనించడం) చేసినవాడు. నాయకుడు హెచ్. ఆర్. రైట్, ‘బంపర్’ రైట్ అనేవారు.

మొదటి మజిలీ సిడ్నీ. అక్కడ కూడా అదే గాయం వేరే రూపంలో ఉంది. అలెక్ బర్డన్ అనే ఆటగాడు వృత్తిరీత్యా మంగలి. మ్యాచ్‌లో భుజం దెబ్బతింది. కత్తెర పట్టే చెయ్యి లేవకపోతే ఆ ఇంట పొయ్యి వెలగడం కష్టం. రగ్బీ యూనియన్ నుంచి పరిహారం రాలేదు. ఈ సంగతి ఊళ్లో మాటల్లో పడింది. వ్యాపారి జేమ్స్ గిల్టినన్, క్రికెట్ చరిత్ర చదివినవాళ్లందరికీ తెలిసిన ఆస్ట్రేలియా బ్యాటర్ విక్టర్ ట్రంపర్ కలిసి కొత్త సంఘం కోసం పనిచేశారు. ట్రంపర్‌కు సిడ్నీలో ఆట సామాన్ల దుకాణం ఉండేది, మంతనాలు అక్కడే. 1907 ఆగస్టు 8న న్యూసౌత్‌వేల్స్ రగ్బీ లీగ్ ఏర్పడింది. పది రోజులు తిరక్కుండానే న్యూజిలాండ్ జట్టుతో మ్యాచ్‌లు పెట్టారు. కొత్త నియమాల పుస్తకం చేతికి రాలేదు కాబట్టి మూడు మ్యాచ్‌లూ పాత రగ్బీ పద్ధతిలోనే ఆడారు. న్యూజిలాండ్ మూడూ గెలిచింది. అంతకంటే ముఖ్యం, గేటు దగ్గర వచ్చిన డబ్బుతో కొత్త సంఘానికి ఊపిరి అందింది. డబ్బుకు ఆడే జట్టని ఎగతాళిగా ‘ఆల్ బ్లాక్స్’ను ‘ఆల్ గోల్డ్స్’ చేసింది సిడ్నీ పత్రికలే.

సిడ్నీ వదిలేటప్పుడు జట్టులో ఒక ఆస్ట్రేలియన్ చేరాడు. డాలీ మెసెంజర్, గురి తప్పని కిక్కులకు పేరు పడ్డవాడు. ఆ ఊళ్లో అతని ఆట చూడటానికే జనం వచ్చేవారు. అతను యూనియన్ వదిలి ఈ పక్కకు రావడంతో సిడ్నీ ప్రేక్షకుల్లో పెద్ద భాగం లీగ్ వైపు మళ్లింది. న్యూజిలాండ్ జట్టు తన దేశంలో లీగ్‌ను నాటక ముందే పొరుగు దేశంలో నాటింది. నేటికీ ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ క్లబ్బుల పోటీల్లో ఏటా మేటి ఆటగాడికిచ్చే పతకానికి డాలీ పేరే.

అక్టోబరు మొదట్లో లీడ్స్ చేరారు. స్టేషన్లో జనం పోటెత్తి స్వాగతం పలికారు. తర్వాత వారం రోజులు కొత్త నియమాల చదువు. మరిచిపోవలసినవి కూడా చాలా ఉన్నాయి: లైనౌట్ (బయటికి పోయిన బంతిని రెండు జట్ల వరసల మధ్యకు విసరడం) లేదు, పడ్డవాడి మీద పడకూడదు, ఇద్దరు తగ్గిన మైదానంలో ఖాళీలు ఎక్కువ, పరుగు ఎక్కువ. పదిహేనేళ్ల వయసు నుంచి ఒంటికి పట్టిన అలవాట్లను వారంలో వదిలించుకోవడం ఎంత కష్టమో ఆట ఆడినవాళ్లకు తెలుసు. అక్టోబరు 9న బ్రామ్లీ క్లబ్బు మీద మొదటి మ్యాచ్. 25–6తో గెలిచారు. తర్వాత నాలుగు నెలలకు పైగా, చలిలో, వానలో, బురదలో, వారానికి రెండేసి మ్యాచ్‌లు. మొత్తం 35లో 19 గెలుపులు, 14 ఓటములు, రెండు సమానం. 1905 ఆల్ బ్లాక్స్ కూడా 35 ఆడి ఒక్కటే ఓడారు కాబట్టి, పక్కపక్కన పెడితే ఈ లెక్క వెలవెలబోతుంది. ఆ పోలిక సరైంది కాదు. వాళ్లు పుట్టినప్పటి నుంచి ఆడిన ఆట ఆడారు. వీళ్లు పరాయి ఆటను, అందులో పండిపోయినవాళ్ల దగ్గరే, ఓడుతూ నేర్చుకున్నారు.

ఆ ఓటముల్లో ఒకటి దగ్గరగా చూడదగ్గది. 1908 జనవరి 1, వేల్స్‌లోని అబెర్‌డేర్ అనే బొగ్గు గనుల పట్నం. వేల్స్, న్యూజిలాండ్. రెండు దేశాల మధ్య రగ్బీ లీగ్‌లో జరిగిన మొట్టమొదటి మ్యాచ్ ఇది. చివరికొచ్చేసరికి న్యూజిలాండ్ 8–6తో ముందుంది. అప్పట్లో ట్రైకి మూడు పాయింట్లు. ఆ మూడూ తెచ్చినవాడు డాయ్ జోన్స్, ఆ ఊరివాడే, గని కార్మికుడు. వెల్ష్ భాషలో అతన్ని ‘టార్వ్’ అనేవారు, అంటే ఆబోతు. స్కోరు 9–8. 1905లో ఆల్ బ్లాక్స్ ఓడిన ఆ ఒక్క మ్యాచ్ కూడా వేల్స్ చేతిలోనే, ఆ వెల్ష్ జట్టులో కూడా ఈ జోన్స్ ఉన్నాడు. న్యూజిలాండ్‌ను రెండు రగ్బీల్లోనూ ఓడించిన బొగ్గు గనివాడు. యూనియన్ పద్ధతిలో మొదటి మ్యాచ్‌కు అతనికి కీర్తి ఒక్కటే దక్కాలి. రెండోదానికి పూట కూలి కూడా దక్కింది.

జనవరి 11న విగాన్‌లో ఇంగ్లండ్ చేతిలో 18–16తో ఓటమి. జనవరి 25న లీడ్స్‌లోని హెడింగ్లీలో నార్తర్న్ యూనియన్‌తో మొదటి టెస్టు, 14–6తో మళ్లీ ఓటమి. వరసగా మూడు దెబ్బలు. అక్కడితో కథ అయిపోయిందని ఎవరనుకున్నా తప్పు పట్టలేం. ఫిబ్రవరి 8న రెండో టెస్టు లండన్‌లో, చెల్సీ ఫుట్‌బాల్ క్లబ్బు మైదానంలో. న్యూజిలాండ్ 18–6తో గెలిచింది. మూడోది ఫిబ్రవరి 15న చెల్టెన్‌హామ్‌లో, నానిపోయిన నేల మీద, 8–5తో. సిరీస్ 2–1. లండన్‌లోనూ చెల్టెన్‌హామ్‌లోనూ టెస్టులు ఎందుకు పెట్టారంటే, విదేశీ జట్టు ఆకర్షణతో దక్షిణాదికి ఆటను పాకించాలన్నది నార్తర్న్ యూనియన్ ఆశ. ఆ ఆశ ఫలించలేదు. లాభపడింది మాత్రం అతిథులు. ఉత్తరాది జట్టుకు అండగా అరిచే జనం లేని చోట్ల, ఇద్దరికీ పరాయి మైదానాల్లో, నాలుగు నెలల చదువు అక్కరకొచ్చింది.

పర్యటన లాభంతో ముగిసింది. ఇది ఎంత గొప్ప సంగతో మరుసటి ఏడాది తెలిసింది. 1908–09లో గిల్టినన్ మొదటి ఆస్ట్రేలియా జట్టును ఇంగ్లండ్ తీసుకెళ్లాడు. అదే నార్తర్న్ యూనియన్, అవే మైదానాలు, మెసెంజర్ లాంటి ఆటగాళ్లు. కానీ లాంకషైర్ నూలు మిల్లుల్లో గొడవలతో పని ఆగిపోయి, టికెట్టు కొనేవాళ్ల చేతిలో డబ్బు ఆడలేదు. మిల్లు సైరన్ మోగకపోతే శనివారం గేటు దగ్గర క్యూ ఉండదు. లండన్‌లో 22–22తో ముగిసిన మంచి టెస్టుకు కూడా జనం పలచగా వచ్చారు. చివరికి ఆటగాళ్లను ఇంటికి పంపడానికి నార్తర్న్ యూనియనే ఓడ ఛార్జీలకు సాయం చేయవలసి వచ్చింది. భారమంతా ఒక్కడి నెత్తిన పడిన గిల్టినన్ దివాలా తీశాడు, తాను కట్టిన సంఘం నుంచే బయటికి వెళ్లాల్సి వచ్చింది. కొత్తదనం, కాలం కలిసిరావడం బాస్కర్‌విల్ జట్టుకు తోడ్పడ్డ మాట నిజం. కానీ దెబ్బ తగిలినా తలా కాస్త మోసేలా లెక్క కట్టుకోవడం కాలం ఇచ్చింది కాదు. అది ఒక గుమాస్తా ముందుచూపు.

దాని ఖరీదు కూడా ఉంది. వాటాలు పంచుకున్నాక కొందరు తిరిగి రాలేదు. నిషేధం ఉన్న ఇంటికి వెళ్లడం కంటే డబ్బిచ్చే క్లబ్బులో ఉండటం మేలనిపించి ఉంటుంది. స్మిత్ ఓల్డ్‌హామ్‌లో, లాన్స్ టాడ్ విగాన్‌లో చేరారు. టాడ్ తర్వాత శాల్‌ఫర్డ్ జట్టును తీర్చిదిద్ది పెద్ద పేరు తెచ్చుకున్నాడు. 1946 నుంచి ఇంగ్లండ్ నాకౌట్ పోటీ ఛాలెంజ్ కప్ ఫైనల్లో మేటి ఆటగాడికి ఇస్తున్నది లాన్స్ టాడ్ ట్రోఫీయే. ఇంగ్లండ్ ఆటలో అతి గౌరవప్రదమైన బహుమతుల్లో ఒకదానికి, సొంత దేశం వెలివేసిన న్యూజిలాండ్‌వాడి పేరు. దక్షిణార్ధగోళం నుంచి ఇంగ్లండ్ క్లబ్బులకు ఆటగాళ్ల వలస మొదలైంది కూడా అప్పుడే.

పర్యటనల పద్ధతి మాత్రం దాదాపు తొంభై ఏళ్లు నిలిచింది. నెలల తరబడి ప్రయాణం, ఊరూరా క్లబ్బుతో ఒక మ్యాచ్, మధ్యలో టెస్టులు. 1910లో నార్తర్న్ యూనియన్ జట్టు జేమ్స్ లోమాస్ నాయకత్వంలో దక్షిణార్ధగోళానికి వచ్చింది. 1994 నాటి ఆస్ట్రేలియా పర్యటన తర్వాత ఆ పాత పద్ధతి చెదిరిపోయింది. ఇంగ్లండ్ క్లబ్బులు చలికాలపు సీజన్ వదిలి వేసవికి మారాయి. ఆటగాళ్ల కాంట్రాక్టులు, ఇన్సూరెన్సు, విశ్రాంతి అన్నీ క్లబ్బుల చేతిలోకి వెళ్లాయి. 2003 తర్వాత ఆస్ట్రేలియా మళ్లీ యాషెస్ సిరీస్ (రగ్బీ లీగ్‌లోనూ ఈ రెండు దేశాల సిరీస్‌కు ఇదే పేరు) కోసం ఇంగ్లండ్ వచ్చింది 2025లోనే. అది కూడా మూడు టెస్టులు, మూడు శనివారాలు, అంతే. బ్రామ్లీ లాంటి చిన్న క్లబ్బు తన మైదానంలో విదేశీ జట్టును చూసే రోజు పోయింది. ఈ నష్టం చిన్నది కాదు. 1907లో ఆట ఖండాలు దాటింది ఇలాంటి చిన్న మైదానాల చిల్లర డబ్బులతోనే.

1908లో తిరుగు ప్రయాణంలో జట్టు ఆస్ట్రేలియాలో ఆగింది. తాము ఏడాది క్రితం ఊపిరి పోసిన ఆట అప్పటికి సిడ్నీలో క్లబ్బుల పోటీగా నడుస్తోంది. మే 9న సిడ్నీలో రెండు దేశాల మధ్య మొదటి టెస్టు, న్యూజిలాండ్ 11–10తో గెలిచింది. పర్యటనంతా లెక్కలు, ఉత్తరాలు చూసుకుంటూ వచ్చిన బాస్కర్‌విల్ ఆ మ్యాచ్‌లో ఆడి ఒక ట్రై కూడా చేశాడు. అతని జీవితంలో అదొక్కటే టెస్టు. రెండో టెస్టుకు ఓడలో బ్రిస్బేన్ వెళ్తుంటే జలుబు చేసింది. అది న్యుమోనియాకు తిరిగింది. మే 20న బ్రిస్బేన్‌లోనే పోయాడు. ఇరవై అయిదేళ్లు.

మిత్రులు అతని దేహాన్ని వెల్లింగ్టన్ చేర్చారు. ఇంటి దగ్గర విధవరాలైన తల్లి ఉంది. జూన్ 13న, పర్యటన నుంచి తిరిగొచ్చిన ఆటగాళ్లు రెండు జట్లుగా విడిపోయి వెల్లింగ్టన్‌లో ఒక మ్యాచ్ ఆడారు. న్యూజిలాండ్ నేల మీద జరిగిన మొదటి రగ్బీ లీగ్ మ్యాచ్ అదే. గేటు దగ్గర వసూలైన డబ్బు ఆ తల్లి చేతికిచ్చారు.